టమాటాల దాహానికి నేను కట్టిన లెక్క

అర ఎకరం టమాటా తోటను మందు చల్లకుండా, మేకల మందను తోలకుండా, కేవలం ఒక నోటుబుక్కు, ఒక బాల్‌పెన్ను సాయంతో ఎండబెట్టిన మనిషిని నేను. అందుకు నాకు సరిగ్గా పద్నాలుగు రోజులు పట్టింది. పదిహేనో రోజున ఆ సంగతి నడిరోడ్డు మీద, కొన్ని వందల మంది ముందు, మైకులో ఒప్పుకున్నాను. మీరు నవ్వుకోవచ్చు, అందుకే చెబుతున్నాను. నాకు మాత్రం నవ్వు రావడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. అప్పటిదాకా మైకు కనబడితే చాలు, వీధి మార్చేసేదాన్ని.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. వారంలో ఒక రోజు బంద్, ఇంకో రోజు రాస్తారోకో, మిగతా రోజుల్లో రేపు బంద్ ఉంటుందా ఉండదా అన్న చర్చ. నాకు ఇరవై మూడేళ్ళు. వ్యవసాయ డిగ్రీ చేతికొచ్చి ఏడాది కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, డ్రిప్పు పైపులు అమ్మే చిన్న ఆఫీసులో ఉద్యోగం. కింద పిల్లలు పోటీ పరీక్షలకు గట్టిగా వల్లె వేస్తుంటే, పైన మేము ఫోన్లో రైతులతో అంతకన్నా గట్టిగా మాట్లాడేవాళ్ళం.

మా యజమాని సాంబశివరావు గారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డారు. మంచి మనిషి, కానీ కొత్త ఆలోచన వస్తే ఆగలేరు. ఒక రోజు నన్ను పిలిచారు.

"పైపులు అందరూ అమ్ముతారమ్మాయ్. మనం లెక్క కూడా ఇద్దాం. మొక్కకి రోజుకి ఎన్ని నీళ్ళు పోతున్నాయో అన్నే పెట్టమని రైతుకి చెబుదాం. చుక్క ఎక్కువ కాదు, చుక్క తక్కువ కాదు."

"ఎట్ల తెలుస్తది సార్?"

"అది నన్నడుగుతావేంటి? చదువుకుంది నువ్వు కదా."

నేను చదువుకున్నదాంట్లో బాగా గుర్తున్నది అదొక్కటే, అదీ పరీక్షలో వచ్చింది గనక. ఆరుబయట ఒక వెడల్పాటి తొట్టి పెట్టి, లోపల గుర్తుగా నిలబెట్టిన ఇనుప మొన దాకా నీళ్ళు నింపుతారు. మర్నాడు అదే వేళకు చూస్తే ఎండా గాలీ కలిసి కొంత తాగేసి ఉంటాయి. మళ్ళీ మొన దాకా నింపడానికి ఎన్ని నీళ్ళు పట్టాయో అంత నష్టం. తొట్టి ఎంత పోగొట్టుకుందో తెలిస్తే, దాన్నిబట్టి చేను ఎంత పోగొట్టుకుందో లెక్క కట్టవచ్చు. అంత మేరకు తిరిగి ఇస్తే మొక్కా బతుకుతుంది, బోరూ బతుకుతుంది. వేసవి రాగానే బోర్లు ఎండిపోయే మా వైపు ఊళ్ళకు నిజంగా పనికొచ్చే విద్య. విద్యలో లోపం ఏమీ లేదు. అది పోయి పోయి నా చేతిలో పడింది.

"తొట్టి ఎక్కడ పెడదాం?" అన్నారు సార్. "పొలంలో పెడితే గేదెలు తాగేస్తాయి. ఈ డాబా మీద పెడితే ఓనరు ఊరుకోడు. మీ ఇంటి మీద ఎండ పడుతుందా?"

"మా ఇంటికి రోజూ తప్పకుండ వచ్చేది ఎండొక్కటే సార్."

అలా ఆ తొట్టి ఎల్‌బీ నగర్‌లో మేము కిరాయికుండే ఇంటి డాబా మీదికి చేరింది. ట్రాలీ ఆటోలోంచి దాన్ని దించుతుంటే, నాకు పెళ్ళి కుదిరి వంటపాత్రలు వస్తున్నాయని వీధిలో ఇద్దరు ముగ్గురు అనుకున్నారు. మా అమ్మ సువార్తమ్మ మాత్రం దాన్ని భయభక్తులతో చూసింది. మాది నల్లగొండ వైపు ఊరు. మా ఇంట్లో నెల జీతం వచ్చే ఉద్యోగం నాదే మొదటిది. అమ్మ పొద్దున్నే చేసే ప్రార్థనలో, దేశ నాయకులకన్నా ముందు నా ఉద్యోగం వచ్చేది.

మొదటి మూడు రోజులు ఎనిమిదిన్నరకు డాబా ఎక్కి చూస్తే దగ్గర దగ్గర బకెట్టు నీళ్ళు మాయమై ఉండేవి. నేను కిందికి దిగుతూ, "అమ్మో, మస్తు పోయినయ్. ఇన్ని నీళ్లు పోతున్నయని సార్‌కు ఎట్ల చెప్పాలె" అని ఆశ్చర్యపోయేదాన్ని. అమ్మ బియ్యం ఏరుతూ వినేది.

నాలుగో రోజు నుంచి నష్టం అర మగ్గుకు పడిపోయింది. ఐదో రోజు పావు మగ్గు. పదో రోజూ అంతే.

ఇక్కడ మీరు గానీ, మీ ఇంట్లో మూడో తరగతి చదివే పిల్లలు గానీ ఉండి ఉంటే, ఇదేదో తేడాగా ఉందే అనుకునేవారు. ఎండ నెత్తి మీద పగులుతోంది. జంక్షన్‌లో తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. నేను మాత్రం ఫ్యాను కింద కూర్చుని ఒక సిద్ధాంతం రాశాను: జంక్షన్‌లో ఆగే విజయవాడ బస్సుల పొగ ఒక దుప్పటిలా కప్పేయడం వల్ల ఈ ప్రాంతంలో నీళ్ళు ఆవిరి కావడం బాగా తగ్గింది. దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా గీశాను.

సాంబశివరావు గారు అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే రైతు ఇప్పుడు పెట్టే నీళ్ళలో నాలుగో వంతు పెడితే చాలంటావ్?"

"లెక్క ఇంకా తక్కువనే చెప్తుంది సార్."

"లెక్కలో తేడా ఏం లేదుగా?"

"తేడా ఎట్లొస్తది సార్, నేనే కట్టిన."

ఈ మాట అన్నది నేనే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పిల్ల చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

మా మొదటి రైతు యాదమ్మ. బాటసింగారంలో హైవేకి కొంచెం లోపలగా ఆమె చేను. అప్పటికి పండ్ల మార్కెట్ ఇంకా కొత్తపేట నుంచి అక్కడికి మారలేదు, బాటసింగారం అంటే చేలూ బోర్లే. భర్త లారీ మీద పోతే పది రోజులకు గానీ రాడు, సేద్యమంతా ఆమెదే. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె బోరు ముసలివాళ్ళలా దగ్గి దగ్గి నీళ్ళు పోసేది. అర ఎకరం టమాటాకు రోజూ రెండు గంటలు డ్రిప్పు విడిచేది. నేను వెళ్ళి అరగంట చాలన్నాను.

యాదమ్మ నన్నూ, తోటనూ, ఆకాశాన్నీ వరసగా చూసింది.

"బిడ్డా, గీ ఎండకు మనిషికే బిందెడు నీళ్లు సాలుత లేవు. చెట్టుకు అరగంటనేనా?"

"చెట్టు మనిషి లెక్క కాదు పెద్దమ్మా. దాని లెక్క వేరే ఉంటది."

"నువ్వెన్నడన్న టమాట పెట్టినవా?"

"డిగ్రీల ఉండె."

ఆమె బోరు వైపు చూసింది. "బోరు కూడ ఆగమాగం అయితుంది. సదువుకున్న పిల్లవు, ఊకెనే చెప్పవు గద. సరే, నువ్వు జెప్పినట్టే ఇడుస్త" అంది. ఆ నమ్మకం చూసి ఆ రోజు నాకు గర్వం వేసింది. తర్వాత అదే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం పుట్టించింది.

ఐదో రోజున ఫోన్ చేసింది. "ఆకులు ముడుసుకుంటున్నయి బిడ్డా."

"పగటీలి అట్లనే ముడుస్తయి పెద్దమ్మా, పొద్దుగూకంగ లేస్తయి."

తొమ్మిదో రోజున మళ్ళీ చేసింది. "పొద్దుగూకినా లేస్త లేవు."

"అలవాటు పడుతున్నయి పెద్దమ్మా."

"దేనికి, సచ్చుడుకా?"

నేను పెద్దగా నవ్వాను. ఆమె నవ్వలేదు.

పద్నాలుగు రోజులు గడిచాక ఒక బంద్ వచ్చింది. బస్సుల మోత లేకపోవడంతో తెల్లవారగానే మెలకువ వచ్చింది. జంక్షన్ ఎలా ఉందో చూద్దామని, ఎన్నడూ లేనిది ఆరింటికే డాబా ఎక్కాను. అక్కడ మా అమ్మ కొంగు నడుముకు దోపుకుని, కళ్ళు చికిలించి మొనను చూస్తూ, తొట్టిలో బకెట్టుతో నీళ్ళు పోస్తోంది.

"అమ్మా, ఏం చేస్తున్నవ్?"

"నీ తొట్టి నింపుతున్న."

"ఎప్పటిసంది?"

"నువ్వు మస్తు పోయినయని మొత్తుకున్నవ్ సూడు, గా మర్నాటిసంది. నీళ్లు తగ్గితే మీ సార్ ఏమన్న అంటడేమోనని. కొత్త నౌకరాయె."

"రోజూనా?"

"రోజు ఒక బకెట్టు. నల్లా రాని దినం మీ నాయిన తానం నీళ్లల్లకెల్లి తీసిన. ఎందుకట్ల సూస్తున్నవ్? ఎక్కువైనయా?"

డాబా గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. మూడు వారాలకు పైగా నేను శ్రద్ధగా రాసుకున్న అంకెలన్నీ, మా అమ్మ బకెట్టు ఎంత సరిగ్గా నింపగలదో చెప్పే అంకెలు. బస్సుల పొగ దుప్పటి అంటూ ఏదీ లేదు. అక్కడ బాటసింగారంలో అర ఎకరం తోట పద్నాలుగు రోజులుగా నాలుగో వంతు నీళ్ళతో మాడుతోంది. మాడుతున్నాయని ఆమె ఫోన్ చేసి చెప్పింది కూడా. నేను నవ్వాను.

యాదమ్మకు ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. ఆ మోగడం నాకు తిట్టినట్టే వినబడింది. తర్వాత సార్‌కు చేశాను.

"ఇవాళ బయటికి రాకమ్మాయ్. నేనే గేటుకి తాళం వేసుకుని కూర్చున్నాను" అన్నారు.

"సార్, యాదమ్మ చెట్లు సచ్చిపోతున్నయి. లెక్క తప్పింది." ఏడుస్తూ అంతా చెప్పాను.

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత సార్ గొంతు తగ్గించి అడిగారు. "అమ్మాయ్, ఆవిడకి మన ఆఫీసు అడ్రసు తెలుసా?"

ఇక ఆయన వల్ల కాదని అర్థమైంది. నాయిన మోపెడ్ తాళం తీసుకుని, నోటుబుక్కు సంచిలో వేసుకుని బయల్దేరాను. నోటుబుక్కు ఎందుకంటే, ఆమె కొట్టబోతే అడ్డం పెట్టుకోవడానికి ఇంకేదీ దొరకలేదు.

హైవే అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. షట్టర్లు దించిన దుకాణాల మధ్య నా మోపెడ్ చప్పుడు నాకే భయం వేసేంత పెద్దగా ఉంది. చింతలకుంట దగ్గర పోలీసులు ఆపారు.

"ఎక్కడికి?" అన్నాడు లాఠీ పట్టుకున్నాయన.

"టమాటాలు సచ్చిపోతున్నయి సార్."

ఆయన నా ముఖం చూసి, పక్కనున్నాయన ముఖం చూసి, దారి వదిలాడు. పిచ్చివాళ్ళను బంద్ నుంచి మినహాయించారు కాబోలు.

హయత్‌నగర్‌లో మాత్రం ముందుకు దారి లేదు. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు నడుస్తోంది. అంటే, రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి, అందరికీ అక్కడే వండి, అక్కడే తిని, బండ్లను కదలనివ్వకపోవడం. డప్పులు, జెండాలు, పొగ. నలుగురు మనుషులు నా మోపెడ్ చుట్టూ నిలబడ్డారు. ఒకాయన తాళం తీసేసుకున్నాడు. మెడలో కండువా, బొంగురుపోయిన గొంతు.

"బంద్ నాడు బండేందమ్మా? సంచిల ఏముంది?"

నేను సంచి గట్టిగా పట్టుకున్నాను. ఆయనే సంచి తీసి, నోటుబుక్కు బయటికి లాగి, అట్ట మీద నా గుండ్రటి అక్షరాలు చదివాడు. "నీళ్ల నష్టం. రోజువారీ లెక్క."

లోపల పేజీలు తిప్పాడు. తేదీలు, అంకెలు, ఎర్ర గీతలు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళు ఉద్యమానికి గుండెకాయ లాంటి మాట అని వేరే చెప్పనక్కర్లేదు. మన నీళ్ళు ఎటు పోతున్నాయని ఊరూరా అడుగుతున్న రోజులు.

"అన్నా, గీడికి రాండ్రి," అని కేకేశాడు. "మన నీళ్లు రోజుకెన్ని పోతున్నయో దినం దినం లెక్క రాసిన బిడ్డ దొరికింది."

"అన్నా, అది గా లెక్క కాదు," అన్నాను. డప్పుల్లో నా మాట నాకే వినబడలేదు. రెండు నిమిషాల్లో నేను ట్రాక్టరు ట్రాలీ మీద ఉన్నాను. చేతిలో మైకు. ఎదురుగా వందల ముఖాలు.

కండువా ఆయన ఇంకో మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. "చెల్లె, నువ్వు భయపడకు. నీళ్లు పోతున్నయా, లేవా?"

"పోతున్నయి," అన్నాను. అది నిజమే కదా.

జనం హోరెత్తారు.

"ఎన్ని పోతున్నయి?"

"నేను రాసినదానికన్న మస్తు ఎక్కువ పోతున్నయి. నా లెక్క తప్పు."

హోరు రెండింతలైంది. డప్పులు దంచుతున్నారు.

"ఎవలు తీస్కపోతున్నరు? పేరు చెప్పు. మేమున్నం నీకు."

అబద్ధం చెప్పే తెలివి ఆ సమయంలో ఎక్కడిది? నోటికొచ్చిన నిజమే చెప్పాను.

"సూర్యుడు."

డప్పులు ఆగాయి. అంత మంది ఒక్కసారిగా మౌనంగా చూస్తే ఎలా ఉంటుందో మీకెవరికీ అనుభవంలోకి రాకూడదని కోరుకుంటున్నాను. ముందు వరసలో ఒక పెద్దమనిషి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు.

"ఏ సూర్యుడు? కాంట్రాక్టరా?"

నేను వేలితో పైకి చూపించాను. వాళ్ళందరూ తలెత్తి ఆకాశంలోకి చూశారు. కండువా ఆయన కూడా చూశాడు. ఆ తర్వాత తలలన్నీ నెమ్మదిగా మళ్ళీ నా వైపు తిరిగాయి. ఇక నన్ను ఏ పొయ్యిలో పెడతారో అనుకుంటుండగా, అన్నం గుండిగ దగ్గర నుంచి ఒక గొంతు వినబడింది.

"గా పిల్లను దించున్రి. నా టమాట తోట ఎండగొట్టింది గామెనే."

యాదమ్మ. చేతిలో మూరెడు గరిటె. ఊరి ఆడవాళ్ళతో కలిసి వంటకు వచ్చింది, ఫోన్ ఇంట్లో పెట్టి. జనం పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చారు. నా చేతిలో మైకు ఇంకా పనిచేస్తోందని నాకు గుర్తు లేదు.

"పెద్దమ్మా, రెండు గంటలు ఇడువాలె. నేను జెప్పింది తప్పు. నీళ్లు తగ్గితే సార్ తిడతడని మా అమ్మ తొట్టిల నీళ్లు పోసింది."

"మీ అమ్మ తొట్టిల పోస్తె నా తోటెందుకు ఎండాలె?"

ఈ ప్రశ్న హయత్‌నగర్ డిపో దాకా వినబడిందట. ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కండువా ఆయన మైకు నా చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుని, "అక్కా, కొట్టకు, చిన్న పిల్ల" అన్నాడు.

"కొట్టనులే," అంది యాదమ్మ. "గామె బండి తాళమియ్యి."

మోపెడ్ మీద ఆమె నా వెనక కూర్చుంది. గరిటె చేతిలోనే ఉంది. పెద్ద అంబర్‌పేట దాటి బాటసింగారం చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గతుకు వచ్చినప్పుడల్లా గరిటె వేడిగా నా మెడకు తగిలేది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

తోట గట్టున మోపెడ్ ఆపాను. సగానికి పైగా మొక్కలు కట్టెలై నిలబడ్డాయి. ఆకులు పట్టుకుంటే అప్పడాల్లా విరిగాయి. పైపు కీలు కారే చోట నాలుగు వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నా సలహా వినని నీళ్ళు వాటికి దొరికాయి.

కరెంటు ఉంది. యాదమ్మ బోరు వేసింది. దగ్గి దగ్గి నీళ్ళు వచ్చాయి. తర్వాత ఆమె వేప చెట్టు నీడన కూర్చుని, ఎండిన వరస మధ్య ఒక చోటు గరిటెతో చూపించింది.

"గాడ నిలబడు."

"ఎంతసేపు పెద్దమ్మా?"

"జర సేపు. నీళ్లు అడగకు."

పన్నెండు దాటింది. నిలబడ్డాను. పావుగంటకు నా నీడ కూడా నన్ను వదిలి పాదాల కిందికి దూరింది. అరగంటకు పెదవులు అంటుకుపోయాయి. పక్కన ఎండిన మొక్క, నేను, ఇద్దరం ఒకే దిక్కుకు వాలిపోయాము. పారిపోదామంటే భయం, కూర్చుందామంటే భయం, ఆమె చూపు తిప్పడం లేదు. గంట గడిచిందనిపించాక పిలిచింది. కుండలోంచి చెంబు ముంచి ఇచ్చింది. తాగాను. ఇంకోటి ఇచ్చింది. అదీ తాగాను. మూడోది అడిగాను.

"ఎన్నయినయి?"

"మూడు చెంబులు."

"రాస్కో."

నిజంగానే నోటుబుక్కు తీయించి రాయించింది. కింద రెండు గీతలు కూడా గీయమంది. గీశాను. అప్పుడు గానీ ఆమె ముఖంలో నవ్వు రాలేదు. అదీ సగమే. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, ఎండిన తోటను చూస్తూ, "పోయినయి పోయినయి. ఉన్నయన్న బతికిద్దాం," అంది. అప్పుడు నేను ఏడ్చాను. ఆమె వద్దనలేదు.

పది రోజుల్లో సగం కన్నా తక్కువ మొక్కలు తేరుకున్నాయి. కాయలు గోళీలంత కాశాయి. సాంబశివరావు గారు స్వయంగా కొత్త నారు తెచ్చి, చెప్పులు గట్టున విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన్ని కూడా ఎండలో నిలబెడుతుందేమోనని నేను నీడన నిలబడి ఎంతో ఆశగా ఎదురుచూశాను. ఆమె ఆయనకు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. అన్యాయం కొందరికే రాసిపెట్టి ఉంటుంది. తొట్టిని ఆమె చేలోకే మార్చి, చుట్టూ కంచె వేశాము. రోజూ కొలిచి నాకు ఫోన్లో చెప్పేది యాదమ్మే. నేను రాసుకునేదాన్ని. ఆమె మాత్రం బోరు వేసేముందు ఒకసారి మట్టిలో వేలు పెట్టి చూసేది. నా అంకెకూ ఆమె వేలికీ తేడా వచ్చిన రోజున నేను అంకె దిద్దుకునేదాన్ని.

కాబట్టి, పాఠకులారా, అప్పుడే చేసిన ప్రమాణాన్ని నిండు మనసుతో మళ్ళీ చేస్తున్నాను. ఏ మొక్క దాహం గురించైనా సరే, దాని పక్కన మిట్టమధ్యాహ్నం గంటసేపు నిలబడకుండా ఇక ఈ జన్మలో నోరు విప్పను. నాకు పెళ్ళై, మా ఆయన కుండీలో గులాబీ నాటి, దీనికి ఎన్ని నీళ్ళు పోయాలని అడిగిన రోజు కూడా ఈ మాట తప్పలేదు. ఆ రోజు నేను చెప్పులు విప్పి, కొంగు నెత్తిన కప్పుకుని, కుండీ పక్కన నిలబడ్డాను. ఆయన లోపలికి పరుగెత్తి మా అత్తగారిని పిలుచుకొచ్చారు.